కుందేలు కన్ను, కుంకుడు రసం

(డిగ్రీ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్దిగా సర్ది రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి చాపల మీద కూర్చోండమ్మా, గంటసేపు నిలబడితే కాళ్లు పీకుతాయి.

వార్డెన్ మేడం నన్ను పిలిచినప్పుడు ఒక మాట అన్నారు. "మా పిల్లలు సబ్బులకీ షాంపూలకీ పెట్టే ఖర్చు చూస్తే భయమేస్తోంది. అందులో కొందరు జంతువుల మీద పరీక్షించనివే వాడతామని పట్టుబట్టి, మెస్ బిల్లు కట్టే రోజుకి చేతులు ఖాళీ చేసుకుంటున్నారు. ఒకసారి వచ్చి మాట్లాడు" అన్నారు. ఆ పట్టుబట్టిన పిల్లలెవరో నాకు తెలియదు కానీ, వాళ్లంటే నాకు గౌరవం. ఆ పట్టు వదలక్కర్లేదు. వదలకుండానే ఖర్చు సగానికి తగ్గించుకోవచ్చు. నేనూ ఇలాంటి హాస్టల్లోనే నాలుగేళ్లు ఉండి బి.ఫార్మసీ చదివాను. ఇంటినుంచి వచ్చే డబ్బుల్ని ఎన్ని ముక్కలు చేయాలో నాకు బాగా తెలుసు.

ముందు ఒకటి అడుగుతాను. చిన్నప్పుడు కుంకుడుకాయలతో తలంటు పోయించుకున్నవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సంతోషం.

మా నానమ్మ ఆదివారం పొద్దున్నే కుంకుడుకాయలు రోటి దగ్గర పెట్టుకుని చితక్కొట్టేది. వేణ్ణీళ్లలో వేసి పిసికితే గిన్నె నిండా నురగ పొంగేది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల వంచి, కదలకుండా రెండు మోకాళ్ల మధ్య బిగించి రుద్దేది. ఎంత గట్టిగా కళ్లు మూసుకున్నా ఎక్కడినుంచో ఒక్క చుక్క లోపలికి దిగేది. ఇక ఆ మంట చెప్పలేను. వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చేదాన్ని. నానమ్మ గబగబా చన్నీళ్లు కొట్టి, నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేది. ఆ ఉప్పు చప్పరిస్తూ ఉంటే ధ్యాస అటు మళ్లేది. పది నిమిషాలకి ఎర్రటి కళ్లతోనే కంచం ముందు కూర్చునేదాన్ని.

ఆ ఒక్క చుక్కని గుర్తుపెట్టుకోండి.

మూడో సంవత్సరంలో ఫార్మకాలజీ చదువుతుంటే ఒక పరీక్ష గురించి వచ్చింది. అమెరికాలో జాన్ డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త 1944లో ప్రచురించిన పద్ధతి. ఒక పదార్థం కంటికి ఎంత హాని చేస్తుందో తెలుసుకోవడానికి తెల్ల కుందేలుని తీసుకుంటారు. తల మాత్రం బయటికి వచ్చేలా పెట్టెలో బిగిస్తారు. కింది రెప్పని పట్టుకుని మెల్లగా లాగితే చిన్న సంచిలా అవుతుంది కదా, అందులో ఆ పదార్థం 0.1 మిల్లీలీటరు వేస్తారు. అంటే రెండు చుక్కలు. రెండో కంటిని ఏమీ చేయరు, పోల్చి చూడటానికి వదిలేస్తారు. గంట తర్వాత, 24 గంటలకి, 48 గంటలకి, 72 గంటలకి చూసి మార్కులు వేస్తారు. ఎరుపు ఎంత, వాపు ఎంత, నల్లగుడ్డు మీది పొర ఎంత మసకబారింది అని. అవసరమైతే 21 రోజుల దాకా చూస్తారు. కుందేలునే ఎందుకంటే, దాని కళ్లు పెద్దవి. సాధు జంతువు, పట్టుకోవడం తేలిక. మన కంటికి వచ్చినంతగా దానికి కన్నీళ్లు రావు, కాబట్టి వేసిన పదార్థం కొట్టుకుపోదు.

ఆ పేజీ చదువుతుంటే నాకు నానమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. నన్నూ బిగించే పట్టుకునేది. కానీ నేను ఏడిస్తే వదిలేది. కుందేలుకి కన్ను నులుముకునే వీలుండదు. నోట్లో ఉప్పుకల్లు వేసేవాళ్లూ ఉండరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పరీక్ష మీద పెద్ద పోరాటం మొదలుపెట్టింది ఒక స్కూలు టీచరు అని చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. న్యూయార్క్‌లో హెన్రీ స్పైరా అని ఉండేవాడు. 1980 ఏప్రిల్లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. అందం కోసం రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ ఎన్ని కుందేళ్ల కళ్లు పోగొడుతోంది అన్నది దాని సారాంశం. ఆ ఏడాది తిరిగేలోపే రెవ్లాన్, జంతువులు అక్కర్లేని పరీక్షల పరిశోధన కోసం రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి ఏడున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. ఒక పంతులు అడిగితే అంత కంపెనీ కదిలింది. కొనేవాళ్లు అడిగితే కదులుతాయని నేను నమ్మేది అందుకే.

ఇప్పుడు నా డబ్బు ఎలా పోయిందో చెబుతాను. డ్రెయిజ్ పరీక్ష చదివిన వారంలోనే ఆన్‌లైన్లో వెతికి, సీసా మీద కుందేలు బొమ్మ ఉన్న షాంపూ 640 రూపాయలు పెట్టి కొన్నాను. మా అమ్మ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టి నెలకి 1500 పంపేది. ఆ నెల రికార్డు పుస్తకాలకి స్నేహితురాలి దగ్గర అప్పు చేశాను. షాంపూ అయిపోయాక తీరిగ్గా సీసా వెనక చదివితే రెండు సంగతులు బయటపడ్డాయి. ఆ కుందేలు బొమ్మ ఏ సంస్థా ఇచ్చిన గుర్తు కాదు, సీసా డిజైన్ చేసినవాళ్లు అందం కోసం వేసిన బొమ్మ. రెండోది, అందులో కెరటిన్ ఉంది. కెరటిన్ చాలావరకు ఈకలు, గిట్టలు, కొమ్ములు, ఉన్ని లాంటివాటినుంచి తీస్తారు. అమ్మ ఎన్ని జాకెట్లు కుడితే 640 వస్తాయో అప్పుడు లెక్కేసుకున్నాను. ఆ లెక్క ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఆ బాధలో ఉండగానే మా సార్ ఒకరు, "మన దేశంలో చట్టం ఏముందో చదివావా?" అని అడిగారు. చదవలేదు. చదివాక తెలిసింది, నేను 640 పెట్టి వెతుక్కున్నది కాలేజీ గేటు ముందు కిరాణా కొట్లోనే ఉందని.

ఇది జాగ్రత్తగా వినండి. 2014 మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 148-సి అనే కొత్త నిబంధన చేర్చింది. కాస్మెటిక్స్ పరీక్షల కోసం ఎవరూ ఏ జంతువునీ వాడకూడదు. అంతే, ఒక్క వాక్యం. అదే ఏడాది నవంబరు నుంచి, జంతువుల మీద పరీక్షించిన కాస్మెటిక్స్‌ని బయటినుంచి దిగుమతి చేసుకోవడం కూడా నిషేధమైంది. 2020లో కాస్మెటిక్స్‌కి విడిగా నిబంధనలు వచ్చినప్పుడు ఈ నిషేధాన్ని అందులోనూ ఉంచారు. చట్టం లెక్కలో కాస్మెటిక్స్ అంటే లిప్‌స్టిక్ ఒక్కటే కాదు. షాంపూ, తలనూనె, క్రీము, పౌడరు, మామూలు టూత్‌పేస్టు, అన్నీ వస్తాయి. ఒంటికి రాసి, పూసి, చల్లి, శుభ్రం చేసుకోవడానికి, అందంగా కనబడటానికి వాడేవన్నీ.

అంటే మీరు రూపాయి పెట్టి కొనే షాంపూ ప్యాకెట్‌కీ, మాల్‌లో వెయ్యి రూపాయల సీసాకీ మన దేశంలో ఒకటే చట్టం. "జంతువుల మీద పరీక్షించలేదు" అన్న ముక్క కోసం అదనంగా ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. ఈ దేశంలో అది ఎవరో దయతలిచి ఇచ్చే సౌకర్యం కాదు, చట్టం. ఇది తెలియకే మనలాంటివాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నాం. దయగా ఉండాలంటే డబ్బుండాలి అనే భ్రమలో పడుతున్నాం. ఆ భ్రమ నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

మరి చిక్కు ఎక్కడుంది? కొంచెం ఉంది.

ఒకటి, చట్టం మన దేశంలో జరిగేవాటికీ, మన దేశంలోకి వచ్చేవాటికీ. కంపెనీ పెద్దదైతే వేరే దేశంలో వేరే సరుకు అమ్ముతుంది. చైనాలో 2021 మే 1 దాకా దిగుమతి చేసుకునే మామూలు కాస్మెటిక్స్‌కి కూడా జంతు పరీక్ష తప్పనిసరి. ఆ తేదీ నుంచి తగిన పత్రాలు చూపిస్తే మామూలు షాంపూలు, క్రీములకి మినహాయింపు ఇస్తున్నారు. తలకి వేసే రంగు, సన్‌స్క్రీన్, ముఖం తెల్లబరిచే క్రీములకి ఆ మినహాయింపు లేదు. కాబట్టి ఇక్కడ అమ్మే సీసా శుభ్రంగానే ఉన్నా, అదే కంపెనీ ఇంకోచోట పరీక్షకి డబ్బు కట్టి ఉండొచ్చు. ఇది పట్టించుకోవాలా వద్దా అన్నది మీ మనసుకి సంబంధించింది. నేను పట్టించుకుంటాను.

రెండోది, "ఆయుర్వేదిక్ మెడిసిన్" అని చిన్న అక్షరాలతో రాసి ఉన్న పేస్టులు, నూనెలు, క్రీములు. ఆకులు, వేర్ల బొమ్మలు చూసి ఇవి ఇంకా మంచివి అనుకుంటాం. కానీ ఆ మాట ఉంటే చట్టం దృష్టిలో అది మందు. 2014 నిషేధం కాస్మెటిక్స్‌ది, మందులది కాదు. ఆయుర్వేదం చెడ్డదని అనడం లేదమ్మా. ఆ చట్టం ధీమా దీనికి వర్తించదు, కాబట్టి కంపెనీ తన మాటగా ఏం చెబుతోందో చూసుకోండి అంటున్నాను. చుండ్రుకి డాక్టరు రాసిచ్చే షాంపూ కూడా మందే. అది అవసరం, వాడాల్సిందే. బట్టల సబ్బు పొడి, ఫినాయిల్, దోమల మందు అసలు కాస్మెటిక్స్ కిందకే రావు.

ఇక గుర్తుల సంగతి. "క్రూయెల్టీ ఫ్రీ", అంటే జంతువుల్ని హింసించి పరీక్షించలేదు అని ఎవరైనా రాసుకోవచ్చు. నమ్మదగిన గుర్తులు రెండు. ఒకటి లీపింగ్ బన్నీ, గెంతుతున్న కుందేలు. 1996లో కొన్ని జంతు సంక్షేమ సంస్థలు కలిసి పెట్టుకున్న ఏర్పాటు అది. ముడిసరుకు ఇచ్చేవాళ్ల నుంచి కూడా హామీ తీసుకుంటారు, ఏటా కొత్తగా మాట ఇప్పించుకుంటారు, బయటివాళ్లతో తనిఖీ చేయిస్తారు. రెండోది జంతువుల హక్కుల కోసం పనిచేసే పెటా అనే సంస్థ వాళ్ల కుందేలు. అది ఎక్కువగా కంపెనీ రాసిచ్చే హామీ మీద ఆధారపడుతుంది. గట్టితనంలో మొదటిదే మేలు. రెండు జాబితాలూ ఫోన్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. గార్నియర్‌కి 2021లో లీపింగ్ బన్నీ ఆమోదం వచ్చింది. డవ్‌కి 2018లో పెటా గుర్తింపు వచ్చింది. మన దేశంలో పుట్టిన ప్లమ్ లాంటి కంపెనీలు కూడా పెటా జాబితాలో ఉన్నాయి. ఇందులో గార్నియర్ తలరంగు చాలా ఊళ్ల కిరాణాల్లో దొరుకుతుంది. ఎక్కడో అమెరికానుంచి తెప్పించుకోవాల్సిన పనిలేదు. ఇంకో మాట, ఆ బొమ్మ సీసా మీద వేసుకోవాలంటే కంపెనీ లైసెన్సు రుసుము కట్టాలి. చిన్నవాళ్లు కట్టలేరు. బొమ్మ లేనంత మాత్రాన దోషులు అనుకోకండి.

*(ఒక విద్యార్థిని: అక్కా, సబ్బు మీద పచ్చ చుక్క ఉంటే చాలు కదా?)*

మంచి ప్రశ్న. ఇక్కడే అందరూ తికమకపడతారు. పచ్చ చుక్క చెప్పేది ఒక్కటే, లోపల వేసిన సరుకు జంతువుల శరీరం నుంచి వచ్చింది కాదని. పరీక్ష గురించి అది ఏమీ చెప్పదు. కుందేలు గుర్తు చెప్పేది పరీక్ష గురించి, లోపలి సరుకు గురించి అది ఏమీ చెప్పదు. పరీక్షలేనిదైనా అందులో కొవ్వు ఉండొచ్చు. వీగన్ అంటే తేనె, పాలు, మైనం కూడా ఉండవు. శాకాహారం వేరు, వీగన్ వేరు, క్రూయెల్టీ ఫ్రీ వేరు. మూడూ ఒకే సీసాలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఈ సబ్బు కాగితాలు చూడండి, పొద్దున్న మీ హాస్టల్ బాత్‌రూమ్ పక్కన డబ్బాలోంచి ఏరాను. ఇటు ఇవ్వమ్మా, అందరూ ఒకసారి చూసి పక్కవాళ్లకి అందించండి. దీని మీద మొదటి పదం సోడియం పామేట్. పామాయిల్‌తో చేసింది. తర్వాతి పదం సోడియం పామ్ కెర్నలేట్, అదే చెట్టు గింజ నూనె. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనె. ఒకవేళ సోడియం టాలోవేట్ అని కనిపిస్తే అది పశువుల కొవ్వు. ఒక్క పదం, అది పట్టుకుంటే చాలు. లిప్‌స్టిక్, బ్లష్ కొనేటప్పుడు సిఐ 75470 అనే అంకె చూడండి. అది కార్మైన్, కాక్టస్ మొక్క మీద బతికే చిన్న పురుగుల్ని ఎండబెట్టి, దంచి తీసే ఎరుపు. ఒక్క కిలో రంగుకి లక్షకు పైగా పురుగులు. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని మీది జిడ్డు. షెల్లాక్ అంటే లక్క, లక్క పురుగులు వదిలే జిగురు. గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ మొక్కలనుంచీ రావొచ్చు, కొవ్వునుంచీ రావొచ్చు, అక్కడ పచ్చ చుక్క పనికొస్తుంది.

ఇవేమీ కొత్త కావు. పునుగు, జవ్వాది, కస్తూరి అనే మాటలు మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. పునుగు పిల్లి నుంచి, కస్తూరి మృగం నుంచి వచ్చిన సువాసనలవి. అందం కోసం జంతువు దగ్గరికి వెళ్లడం పాత అలవాటే. దాన్ని ప్రశ్నించడమూ మన దగ్గర ఎప్పుడో మొదలైంది. పుణేలో డయానా రత్నాగర్ 1974లో బ్యూటీ వితౌట్ క్రూయెల్టీ సంస్థ భారత శాఖని ప్రారంభించారు. ఈ సంగతులన్నీ దేనిలో ఏముందో ఓపిగ్గా వివరించి చెప్పింది వాళ్లే. మన హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది కదా, దానికి అనుబంధంగా కొత్త కంపెనీలకి ఊతమిచ్చే ఇంక్యుబేషన్ కేంద్రంలో, జంతువుల బదులు మనిషి కణాలతో పరీక్షలు చేసే పద్ధతుల కోసం ఒక కేంద్రమే పెట్టారు. సైన్సు గ్రూపు వాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? రేపు మీరు వెళ్లి పనిచేయాల్సిన చోటు అది.

ఇప్పుడు డబ్బు లెక్కకి వద్దాం.

సబ్బు: బిళ్లే కొనండి, బాడీ వాష్ వద్దు. సీసాలో ఎక్కువ భాగం నీళ్లు. కవరు మీద టీఎఫ్ఎం అని శాతం ఉంటుంది, అంటే బిళ్లలో నూనె, కొవ్వుల నుంచి వచ్చిన అసలు సరుకు ఎంతో చెప్పే అంకె. మన ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటే గ్రేడ్ 1. తక్కువ ఉన్న బిళ్ల త్వరగా నానిపోతుంది. పది రూపాయలు ఎక్కువైనా గ్రేడ్ 1 బిళ్ల ఎక్కువ రోజులు వస్తుంది. బిళ్లని చాకుతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్క అల్మారాలో పెట్టండి. వాడే ముక్క కింద నీళ్లు నిలవనివ్వకండి. పాత గాజులు రెండు పెట్టి వాటి మీద సబ్బు పెట్టేవాళ్లం మేము. నా రూమ్మేట్ కనిపెట్టిన ఉపాయం అది, నెలకి రెండు బిళ్లలు పట్టేది ఒకటికి దిగింది. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు బిళ్లలు, షాంపూ, తలనూనె, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గింది. పాత అలవాటులో పాత ధర ఇచ్చేయకండి, కవరు మీద చూసి ఇవ్వండి.

పేస్టు: ప్రకటనల్లో బ్రష్ పొడుగునా పాములా వేస్తారు. అంత అక్కర్లేదు, సెనగగింజంత చాలు. అది సుమారు పావు గ్రాము. రోజుకి రెండుసార్లు ఇద్దరు తోముకున్నా వంద గ్రాముల ట్యూబు మూడు నెలలు వస్తుంది. ఇద్దరు కలిసి కొనుక్కోండి.

షాంపూ దగ్గర కాస్త ఆగాలి. మన దేశంలో ఒక వింత ఉంది. చిన్న ప్యాకెట్లే పెద్ద సీసా కంటే చవక పడతాయి. ఎన్ని మిల్లీలీటర్లో చూసి, ధరని దాంతో భాగించండి, మీకే తెలుస్తుంది. పేదవాళ్లు రోజుకూలీ డబ్బుతో కొనుక్కోగలగాలని అలా మొదలైంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ప్యాకెట్ కవరు ఎక్కడికి పోతుంది? ఈ వీధి చివర చెత్తకుండీ దగ్గర రోజూ ఆవులు నిలబడి ఉంటాయి కదా, అవి ఏం నములుతున్నాయో ఒకసారి ఆగి చూడండి. నేను చూశాను. నీలం రంగు షాంపూ కవరు ఒక ఆవు మూతి పక్కన అంటుకుని ఉంది. కుందేలు కన్ను గురించి ఇంతసేపు మాట్లాడి ఆ ఆవు కడుపుని వదిలేయలేను. కాబట్టి ప్యాకెట్ కొన్నవాళ్లు దాన్ని పూర్తిగా చించి పడేయకుండా, మూల మాత్రం కత్తిరించి, ఖాళీ కవర్లన్నీ ఒక సీసాలో కూరి పొడిచెత్తలో వేయండి. లేదా నలుగురు కలిసి పెద్ద సీసా కొనండి. ఎలా కొన్నా మగ్గులో నీళ్లు కలిపి, గిలకొట్టి వాడండి. నేరుగా తల మీద పోసుకుంటే సగం కాలవలోకి పోతుంది.

ముఖానికి సున్నిపిండి చాలామంది ఇంటినుంచి తెచ్చుకుంటారు. పెసరపిండి, సెనగపిండి, చిటికెడు పసుపు, కచ్చూరాలు. బాగుంటుంది. కానీ బావంచాలు వేసినది పగలు వద్దు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. నిమ్మరసం కూడా అంతే. చెమట వాసనకి పటిక ముక్క తడిపి రుద్దుకోండి, పది రూపాయల ముక్క ఏడాది వస్తుంది. చలికాలం కాళ్లకి, పెదాలకి, జుట్టుకి కొబ్బరినూనె. ఒక్క సన్‌స్క్రీన్‌కి మాత్రం ఇంట్లో చేసేది ఏదీ బదులు కాదు. అది కొనాల్సిందే, మిగతాచోట ఆదా చేసిన డబ్బు అక్కడ పెట్టండి.

*(మరొక విద్యార్థిని: అక్కా, కొరియా నత్త జిగురు సీరమ్ మంచిదా?)*

నత్తని చంపరు అని రాస్తారు. కానీ జిగురు నత్తదే, కాబట్టి వీగన్ కాదు. నీ చర్మానికి కావాల్సింది తేమ అయితే గ్లిజరిన్‌కి రోజ్‌వాటర్ కలిపి రాసుకో తల్లీ, అదే పని చేస్తుంది. ఆ సీరమ్ డబ్బుతో నీకు సెమిస్టర్ పుస్తకాలు వస్తాయి.

*(ఇంకొకరు: మేము కోడికూర తింటాం. మరి షాంపూ దగ్గర ఇంత ఆలోచించడం దొంగ దయ కాదా?)*

కాదు. ఇది అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, నువ్వు అడిగావు. నేనూ చేపల పులుసు తిని పెరిగినదాన్నే. మనిషి ఏ మూలనుంచి మొదలుపెట్టగలిగితే ఆ మూలనుంచి మొదలుపెట్టాలి. అన్నీ ఒకేసారి సరిచేసుకోలేకపోతే ఏదీ చేయకూడదనే నియమం ఎక్కడా లేదు. షాంపూ దగ్గర ఇది మరీ తేలిక, ఎందుకంటే ఇక్కడ నువ్వు ఏమీ వదులుకోవడం లేదు.

పామాయిల్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే మీకు సగమే చెప్పినట్టు అవుతుంది. కొవ్వు బదులు పామాయిల్ సబ్బు కొనమన్నాను. ఇండోనేషియా, మలేషియాల్లో ఆ తోటల కోసం అడవులు నరికారు, ఒరాంగుటాన్లు అనే పెద్ద కోతులు గూడు పోగొట్టుకున్నాయి. కాబట్టి సబ్బు ఏదైనా ఆదాగా వాడటమే దీనికి నాకు తోచిన జవాబు. పాత గాజుల ఉపాయం దీనికీ పనికొస్తుంది.

టైమైంది, వార్డెన్ మేడం గడియారం చూస్తున్నారు. ఈ సంచిలో కుంకుడుకాయలు తెచ్చాను, మన్యంలో గిరిజనులు ఏరినవి, గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొన్నాను. కావాల్సినవాళ్లు తలా ఆరు కాయలు తీసుకోండి. రోలు లేదని బెంగపడకండి. రాయితో ఒక్కటి కొడితే తొక్క విడిపోతుంది, లోపలి నల్ల గింజ తీసేయండి. తొక్కల్ని ఈ రాత్రి గ్లాసుడు నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుంటుంది. ఈ హాస్టల్‌ది బోరు నీళ్లేనట కదా, సబ్బయితే ఈ నీళ్లలో తెట్టెలా కట్టి జుట్టు అట్టలు కడుతుంది, కుంకుడుకి ఆ బాధ ఉండదు. ఏ పూటకి ఆ పూట చేసుకోండి, రెండు రోజులు దాటితే రసం వాసన వస్తుంది. కళ్లు గట్టిగా మూసుకోండి. మెస్‌లో వంటమ్మకి చెప్పాను, రేపు పొద్దున అడిగినవాళ్లకి ఉప్పుకల్లు ఇస్తుంది.